బాటిల్ లోపలి జిగురు

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ఎవరైనా నీళ్ళ గ్లాసు చేతికిస్తే ముందు వెలుతురుకి పట్టి చూస్తాను, తర్వాత వాసన చూస్తాను, ఆ తర్వాతే తాగుతాను. పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చోవాలంటే మా చెల్లెలికి సిగ్గు. "వాళ్ళేమన్నా విషం పెట్టినారా అక్కా, గమ్మున తాగు" అనేది. నేనేం చేసేది, నా ఉద్యోగమే అలాంటిది. బొమ్మసంద్రలో ఒక గార్మెంట్స్ యూనిట్‌లో చెకింగ్ సెక్షన్ నాది. కుట్టిన చొక్కా ముందుకొస్తే అది బాగుందని అనుకోకూడదు. ఎక్కడో తప్పుంది, అది నాకింకా దొరకలేదు అనుకోవాలి. అనుమానపడినందుకే ఏళ్ళ తరబడి జీతం తీసుకున్న మనిషిని ఇంటికొచ్చాక నమ్మకంగా ఉండమంటే ఎలా కుదురుతుంది?

ఒక్కసారి మాత్రం ఆ అనుమానం మా చెల్లెలి ప్రాణం మీదికి వచ్చింది. లేదా ఆ ప్రాణాన్ని నిలబెట్టింది. రెండింటిలో ఏది నిజమో తెలియక చాలా ఏళ్ళు గుబులుతో బతికాను.

మాది హిందూపురం పక్క. తొంభైల మొదట్లో నేనూ మా ఆయనా పని కోసం కన్నడ రాష్ట్రంలోని హెబ్బగోడి వచ్చి వఠారంలో ఒక గది తీసుకున్నాం. ఎదురెదురుగా రెండు వరసల గదులు, మధ్యలో చాపంత సందు, చివర అందరికీ కలిపి రెండు బాత్రూములు. మా ఆయన లారీ మీద పోతే వారానికి గాని ఇంటికి రాడు. మా చెల్లెలికి పెళ్ళయ్యాక మా మరిదికి కూడా అక్కడే ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. వాళ్ళు మా ఎదురు గదిలోకి వచ్చారు. తలుపులు రెండూ తీసి పెడితే ఒకరి పొయ్యి మీద ఏముందో ఇంకొకరికి కనిపించేది.

నీళ్ళ సంగతి చెప్పాలి. బోరు కొళాయి వఠారం వెనక మురికినీళ్ళు పారే మోరీకి అవతలి గట్టున ఉండేది. బిందెలు మోయలేక ప్రతి గదివాళ్ళూ సొంతంగా ఒక ప్లాస్టిక్ పైపు కొనుక్కుని, మోరీ గుండా ఇంటిదాకా లాక్కున్నారు. పైపు చాలకపోతే ఇంకో ముక్క కలిపి, అతుకు మీద సైకిల్ ట్యూబు చుట్టేవాళ్ళు. మోరీలో పారే నీళ్ళ కన్నా కవర్లే ఎక్కువ. పాల కవర్లు, గుట్కా పొట్లాలు, బిర్యానీ కవర్లు, ఎవరో విసిరేసిన బాటిళ్ళు, అన్నీ వచ్చి మా పైపులకు చుట్టుకుని వేలాడేవి. వాటి మీద నల్లగా, మెత్తగా ఒక పొర. కట్టెతో తోసేస్తే కవరు పోయేది గానీ, ఆ పొర పైపుకి అంటుకుని అలాగే ఉండేది.

ఆ పైపు నీళ్ళు వచ్చి పడేది ఫ్యాక్టరీల్లోంచి పాతవి కొనుక్కొచ్చిన నీలం డ్రమ్ముల్లోకి. డ్రమ్ము అడుగున కూడా అదే జిగురు. గోరుతో గీకితే గోటికింద సున్నిపిండిలా వచ్చేది. నేను వారం వారం లోపలికి వంగి పీచుతో తోమేదాన్ని. తోమిన రెండు రోజులకే మళ్ళీ చెయ్యి జారేది. "పాచి లేని నీళ్ళుంటాయా, నీ పిచ్చి కాకపోతే" అని వఠారంలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలం చివర, మొదటి వానలకి మోరీ పొంగింది. పైపుల అతుకులన్నీ మురికినీళ్ళలో మునిగాయి. కొన్నాళ్ళు కొళాయి నీళ్ళు అదో రకం వాసన వచ్చి, తర్వాత మామూలైపోయాయి. హమ్మయ్య అనుకున్నాం. నెల తిరక్కముందే చివరి గదిలో ఆయనకి కళ్ళు పచ్చబడ్డాయి. ఆ పక్క గదిలో అత్తాకోడళ్ళకి వాంతులు పట్టుకున్నాయి. ఇంకొన్ని రోజులకి మా చెల్లెలు అన్నం చూసి మొహం తిప్పుకుంది. అప్పటికి దానికి ఏడో నెల. కడుపుతో ఉన్న మనిషికి వికారం మామూలే కదా అనుకున్నాను, నేనే, ఇంత అనుమానపు మనిషిని! పొద్దున గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటుంటే ఎండ దాని మొహాన పడింది. కళ్ళలో తెలుపు లేదు. పసుపు నీళ్ళు పోసినట్టున్నాయి. దువ్వెన దాని చేతిలోంచి లాగేసి ఆటో కోసం పరిగెత్తాను.

హోసూరు రోడ్డు మీద ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. అక్కడి డాక్టరమ్మ కన్నడం, తెలుగు కలిపి మాట్లాడేది. రక్తం చూసి నన్ను పక్కకి పిలిచింది.

"కడుపుతో ఉండేవాళ్ళకి కామాలె, అదే కామెర్లు, అంటే ఆట కాదమ్మా. దీన్ని తగ్గించే మాత్ర నా దగ్గర లేదు. ఒళ్ళే దాన్ని బాగు చేసుకోవాల. మనం కొత్త విషం లోపలికి పంపకుండా ఉండాల, అంతే. ఊరికే మత్తుగా పడుకున్నా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆగొద్దు. ఎత్తుకుని వచ్చేయండి."

"నీళ్ళు కాచే ఇస్తాం డాక్టరమ్మా" అన్నాను.

"కాచి దేంట్లో పోస్తారు?"

చల్లారాక తెల్ల ప్లాస్టిక్ క్యాన్‌లో పోసేవాళ్ళం. నూనె అయిపోయాక కడిగి పెట్టుకున్న క్యాన్. దాని మూతిలో రెండు వేళ్ళు పట్టవు.

"ప్లాస్టిక్‌కి లోపల జిగురు పడతాది చూసినారా? అది వట్టి మురికి కాదు. క్రిములు కట్టుకున్న ఇల్లు. నీళ్ళు పోసి గలగలమనిపిస్తే పోదు, బ్లీచింగ్ వేసినా పైపైనే. చెయ్యి పెట్టి తోమాల. చెయ్యి పట్టనిదాన్ని ఇంట్లో పెట్టుకోవద్దు."

ఆ సాయంత్రమే క్యాన్‌నీ డ్రమ్మునీ బయట పడేశాను. రెండు స్టీలు బిందెలు కొన్నాను. ఊరికి ఫోన్ చేయిస్తే అమ్మ మరుసటి రోజుకే బస్సు దిగింది. వచ్చీ రాగానే చెల్లెలి కళ్ళ రెప్పలు పైకెత్తి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక వఠారమంతా ఒకటే మాట. అత్తిబెలె దాటి లోపలికి పోతే ఒక పల్లె, అక్కడొక రైతు కామెర్లకి ఆకు మందు ఇస్తాడు, డబ్బు ముట్టడు, ఆది గురువారాలే ఇస్తాడు, మూడు పొద్దులు తాగితే కళ్ళు పాలలా అవుతాయి. చివరి గది ఆయన తాగాడు, లేచి డ్యూటీకి పోతున్నాడు. అత్తాకోడళ్ళు తాగారు, మజ్జిగ అన్నం తింటున్నారు.

"ఆ డాక్టరమ్మ మందే లేదని చెప్పె. ఈడ మందు ఉండాది. పోయి తెచ్చేదానికి నీకేం నొప్పి పాపా?" అని అమ్మ నా వెంట పడింది.

నాకు నమ్మకం లేదు. కానీ అపనమ్మకం కూడా పూర్తిగా లేదు, అదే నా ఖర్మ. డాక్టరమ్మ మాటని పట్టుకుని కూర్చుని, రేపు దానికేమైనా అయితే? ఊళ్ళో అందరికీ దొరికిన మందు నా చెల్లెలికి మాత్రం నా మూలంగా దొరక్కపోతే? మా మరిది షిఫ్టు నుంచి వచ్చి గోడకి ఆనుకుని, "వదినా, నాకేం తెలీదు. నువ్వెట్ల చెప్తే అట్ల" అన్నాడు. బరువంతా నా నెత్తిన పెట్టి ఆయన మొహం కడుక్కోడానికి పోయాడు. ఆదివారం నేనే బయల్దేరాను.

నా జాగ్రత్త నాది. స్టీలు చెంబు ఒకటి, మూతతో సహా, మసలే నీళ్ళలో వేసి తీసి, ఎండలో ఆరబెట్టి, ఉతికిన తెల్లగుడ్డలో మూటకట్టుకున్నాను. అమ్మ చూసి, "మందుకి పోతాండావా, మడి కట్టుకొని గుడికి పోతాండావా" అని దెప్పింది.

పల్లెలో ఆ రైతు ఇంటి ముందు కొట్టం కింద మనుషులు బారు తీరి ఉన్నారు. ప్రతి ఒక్కరి చేతిలోనూ ప్లాస్టిక్ బాటిల్. ఆ రైతు పెద్దమనిషే, మర్యాదస్తుడు. నూరిన ఆకుముద్దని ఆవుపాలలో కలిపి పోస్తున్నాడు. నా వంతు వచ్చింది, గుడ్డ విప్పి చెంబు చాపాను. ఆయన గరిటె వెనక్కి తీసుకున్నాడు.

"స్టీలు వద్దమ్మా. లోహం తగిల్తే మందు చచ్చిపోతాది."

"కాచిన చెంబప్పా, శుభ్రంగా ఉండాది."

"శుభ్రం మాట కాదు తల్లీ. మా తాత కాలం నుంచీ లోహంలో పోసింది ల్యా. మట్టిది తే, గాజుది తే, ల్యాకపోతే అందరి మాదిరి ప్లాస్టిక్‌ది తే. మధ్యాహ్నం లోపల రా, మందు అయిపోతాది."

వెనకవాళ్ళు నన్ను పక్కకి జరిపేశారు. మట్టిపాత్రలు అమ్మేవాళ్ళు చుట్టుపక్కల ఎక్కడా లేరు. ఎండలో పడి రోడ్డు మీదికి నడిచి, అక్కడి సోడా బండివాణ్ణి ఒక గాజు సీసా ఇమ్మని బతిమాలాను. "ఖాళీ సీసాలు ఇచ్చేది లేదక్కా, నన్ను ఓనరు కొడతాడు" అన్నాడు.

"చెక్‌పోస్టు తావ ముసలామె ఉంటాది, పో. మందుకి పోయేవాళ్ళంతా ఆమె దగ్గరే బాటిల్ తీసుకుంటారు" అని వాడే దారి చూపించాడు.

ఆ రాష్ట్రాల బార్డరులో లారీలూ బస్సులూ ఆగినప్పుడల్లా జనం తాగేసిన నీళ్ళ బాటిళ్ళు కిటికీల్లోంచి విసిరేస్తారు. రోడ్డు పక్క గుంతలో అవి నీళ్ళలో తేలుతూ ఉండేవి. వాటిని ఏరి, ఒక టబ్బులో ముంచి, గుప్పెడు ఇసుక వేసి గిలకరించి, మెడలకి తాడు కట్టి దండలా వేలాడదీసింది ముసలామె. ఎండకి అవి తళతళలాడుతున్నాయి. ఆమె కూడా మన భాషే.

"సుబ్బరంగా కడిగినా తల్లీ. కామెర్ల మందుకని చెప్పి ఇసక యేసి మరీ కడగతా. ఎవరికమ్మా?"

"మా చెల్లెలికి. కడుపుతో ఉండాది."

"అయ్యో నా తల్లీ" అని, దండలో అన్నిటికన్నా తెల్లగా ఉన్నదాన్ని తనే వెతికి తీసి ఇచ్చింది. టబ్బులో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో నేను చూశాను. బాటిల్ ఎండకి పట్టి చూశాను, మచ్చ కనపడలేదు. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. తీసుకుని పరిగెత్తాను.

ఆ రైతు దాన్ని నింపి ఇచ్చాడు. మూడు పొద్దులు పరగడుపున తాగాలి, వేడి చేయకూడదు, ఇంకో గిన్నెలోకి మార్చకూడదు, ఇల్లు చేరేదాకా నేల మీద పెట్టకూడదు. ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా బాటిల్లో పచ్చటి పాలు ఒక పక్కకి ఒరిగేవి. పాలు దిగినా బాటిల్ భుజం మీద ఒక మబ్బు తెర మాత్రం దిగలేదు. ముందు అది ఆవిరి అనుకున్నాను, కొంగుతో తుడిచాను. అది బయట లేదు, లోపల ఉంది. మూత తీసి చిటికెన వేలు మెడలోకి పెట్టి తిప్పాను. బెండకాయ కోసిన వేలిలా జారింది.

ఆ జిగురు నాకు తెలుసు. వారం వారం డ్రమ్ములోకి వంగి నేను గీకిన జిగురు అదే, మోరీలో మా పైపులని పట్టుకుని వేలాడినదీ అదే. ఎవరెవరు తాగి విసిరేసిన బాటిలో, ఏ గుంతలో ఎన్నాళ్ళు తేలిందో. దాంట్లో పచ్చిపాలు, ఈ ఎండలో, మూడు రోజులు. కాయకూడదు, మార్చకూడదు. నా చెల్లెలు పరగడుపున తాగాలి. సెగ తగిలితే చచ్చే మందట! లోపలున్న క్రిములకి మాత్రం ఏ బాధా లేదు. బస్సులో పక్కన కూర్చున్నావిడ, "ఏమైందమ్మా, వాంతి వస్తాండాదా?" అని అడిగి కిటికీ వైపు జరిగింది.

ఇంటికి చేరేసరికి అమ్మ పీట వేసి, దాని మీద అరిటాకు ముక్క పరిచి, బాటిల్ పెట్టడానికి చోటు సిద్ధం చేసి ఉంచింది. ఉప్పూ నూనే లేని పథ్యం వండి పెట్టింది. చెల్లెలు గోడకి ఆనుకుని కూర్చుని చేతులు గోక్కుంటోంది. ఒళ్ళంతా దురద. నా చేతిలో బాటిల్ చూడగానే దాని మొహం విప్పారింది. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఇది తాగొద్దు మే" అన్నాను.

"ఏం మాట్లాడ్తాండావే?" అంది అమ్మ.

బస్సులో చూసింది చెప్పాను. డాక్టరమ్మ చెప్పింది మళ్ళీ చెప్పాను. ముసలామె టబ్బు సంగతి చెప్పాను. అమ్మకి కోపం ఆగలేదు. "వఠారంలో అందరూ అట్లాంటి బాటిళ్ళలోనే తెచ్చుకుండ్రి. అందరికీ నయమాయె. నీ చెల్లెలికే పురుగులు వచ్చి కూర్చుండెనా? నీ అనుమానం తగలెయ్య!"

"వాళ్ళెవరూ కడుపుతో లేరు కదమ్మా!"

"ఇయ్యి అక్కా" అంది చెల్లెలు. గొంతులో శక్తి లేదు. "తాగతా. ఏమన్నా కానీ. ఈ దురద, ఈ నీరసం నాతో కాదు. కడుపులోది కదిలేది కూడా తగ్గిండాది. ఇయ్యి."

అది చెయ్యి చాపింది. నేను వెనక్కి జరిగాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ పెనుగులాటలో నాకేం పూనిందో, గుమ్మం దాటి మోరీలో మొత్తం పారబోశాను. పచ్చగా కాసేపు కనిపించి కలిసిపోయింది. అమ్మ తల పట్టుకుని కూలబడింది. చెల్లెలు చాపిన చెయ్యి మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది. అది తిట్టి ఉంటే బాగుండేది.

నిరూపించాలన్న మొండితనంతో కత్తిపీట ముందుకి లాగి, బాటిల్‌ని నిలువునా కోశాను. నీళ్ళతో కడిగితే ఆకు పసరు పోయింది, మబ్బు పొర పోలేదు. అమ్మ చెయ్యి లాగి దాని మీద పెట్టాను. "తాకి చూడమ్మా!"

అమ్మ వేలితో రుద్దింది, నా మొహం చూసింది. "ఇది మందు జిడ్డు కాదని నువ్వు చెప్పగలవా? ఆకు జిగురుండదా?"

పసరు పోయకముందు నేను కంటితో చూశానే గాని, వేలు పెట్టి చూడలేదు. చొక్కా చూసినప్పుడు ప్రతి కుట్టు మీదా వేలు నడిపే నేను, ఆ ఒక్క బాటిల్‌ని తాకకుండా పట్టుకుపోయాను. అది గుంతలో పట్టిన జిగురా, ఆకు జిగురా? ఆ ప్రశ్న ఆ రోజు నాలో దిగి మళ్ళీ బయటికి రాలేదు.

ఆ మర్నాడే డ్యూటీకి సెలవు పెట్టాను. నీళ్ళు కాచడం, చెంబు కాచడం, గ్లాసు కాచడం. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది, ఏదైనా కావాలంటే గోడకి చెప్పేది. చెల్లెలు కాస్త కన్ను మూస్తే చాలు, మత్తేమో అని నా ప్రాణం ఎగిరిపోయేది. తట్టి లేపి, "ఈ పొద్దు ఏ వారం మే?" అని అడిగేదాన్ని. అది చెప్పేది. మళ్ళీ కాసేపటికి లేపి మళ్ళీ అడిగేదాన్ని. "సాకు అక్కా, చాలింక, నిద్ర పోనీ" అని విసుక్కునేది. విసుక్కుంటే నాకు ధైర్యంగా ఉండేది, తెలివిలో ఉందని.

ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక అలాగే లేపి అడిగాను. అది కళ్ళు తెరవకుండా అంది, "ఈ పొద్దు ఉగాది. పచ్చడి ఏదీ?"

ఉగాది పోయి ఎన్నాళ్ళైందో! "అమ్మా" అని కేక పెట్టి దాన్ని చంకల కింద పట్టి లేపాను. మరిదిని పిలవడానికి ఎవరినో పరిగెత్తించాను, ఆటో ఎక్కించాను. సగం దారిలో అది నవ్వడం మొదలుపెట్టింది. నీరసంగా, ఆయాసపడుతూ నవ్వు.

"ఎగతాళికి అన్నా అక్కా. పొద్దుకి పదిసార్లు అడిగితే ఏం చెప్పేది? ఇంటికి తిప్పమను."

"నువ్వు ఎగతాళికే అన్నావని నాకెట్ల తెలుసు? కూర్చో" అన్నాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. డ్రైవరు ఆటో నెమ్మది చేసి, ఎటు పోవాలన్నట్టు అద్దంలో చూశాడు. "ఆసుపత్రికే పో అప్పా" అని అరిచాను.

డాక్టరమ్మ సంగతి విని ముందు నవ్వింది. వచ్చారు కదా అని రక్తం తీసింది. సూది తీసిన చోట దూది పెట్టి అదిమింది. దూది ఎర్రబడింది. మార్చింది, అదీ ఎర్రబడింది. ఆమె నవ్వు పోయింది.

"చిగుళ్ళలో రక్తం వస్తాండాదా?"

చెల్లెలు నా వైపు దొంగచూపు చూసింది. "రెండు మూడు పొద్దుల నుంచి. అక్కకి చెప్తే ఊరంతా ఎత్తుకుంటాదని చెప్పల్యా."

రక్తం గడ్డకట్టడం లేదని డాక్టరమ్మ అప్పటికప్పుడు అంబులెన్సు పిలిపించి సిటీలో పెద్దాసుపత్రికి పంపింది. దారిలోనే నొప్పులు మొదలయ్యాయి. లోపలికి తీసుకుపోయి తలుపులు మూశారు. రక్తం ఇవ్వడానికి మా మరిది ఫ్యాక్టరీ మనుషుల్ని వెంటేసుకొచ్చాడు. బయట బెంచీ మీద నేనూ అమ్మా. అమ్మ అప్పుడు, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి, నా మొహం చూసి మాట్లాడింది.

"ఆ మందు కడుపులో పడుంటే ఇంతదాకా వస్తాండ్యానా పాపా?"

తిట్టలేదు. నిజంగానే అడిగింది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. లోపల ఏమైనా జరిగితే ఈ మాటతోనే నేను మిగతా బతుకంతా బతకాలి అనుకున్నాను.

బతికింది. ఇద్దరూ బతికారు. బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. అరచేతిలో పట్టేంత ఆడపిల్ల. చాలా రోజులు గాజు పెట్టెలో పెట్టారు. చెల్లెలి కళ్ళు మెల్లమెల్లగా తెల్లబడ్డాయి. ఇంటికి తెచ్చుకున్న రోజు అమ్మ దిష్టి తీసింది, నాకు కూడా కలిపి తీసింది.

కానీ ఆ మాట మాత్రం పోలేదు. పాప చిన్నప్పుడు సన్నగా, ఈసురోమంటూ ఉండేది. జలుబు చేసినా, నడక ఆలస్యమైనా, అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడల్లా ఒక నిట్టూర్పు. "ఆ మందు పడుంటే నెలలు నిండి పుట్టుండేది." నన్ను చూసి అనేది కాదు, పాప తల నిమురుతూ అనేది. చెల్లెలు అప్పుడు ఏదో పని కల్పించుకుని లోపలికి పోయేది. ఒక్కసారి కూడా "అట్ల కాదమ్మా" అనలేదు. "అవునమ్మా" అని కూడా అనలేదు. దాని మనసులో ఏముందో అడగాలంటే నాకు భయం. అవును, నీ వల్లే అంటే నేనేం కాను?

తర్వాత తర్వాత ఈ సంగతులు బయట కూడా వినబడసాగాయి. పారేసిన ప్లాస్టిక్ మీద క్రిములు పొర కట్టి కాపురం పెడతాయని, నీళ్ళలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దాని మీదెక్కి తిరుగుతాయని తెలిసినవాళ్ళు చెప్పగా విన్నాను. విన్నప్పుడల్లా ముందు సంతోషం, వెంటనే అదే పాత గుబులు. అవన్నీ నిజమే కావచ్చు. ఆ బాటిల్లో ఉన్నది మాత్రం అదేనా?

హోసూరు రోడ్డు మీద ఫ్లైఓవర్ పనులు మొదలైన రోజుల్లో ఒక వాన ముసురు. మేమింకా అదే వఠారంలో ఉన్నాం. కొళాయికి ఇనప పైపు వేశారు గానీ, మోరీ మాత్రం మారలేదు. పొంగినప్పుడల్లా బాటిళ్ళు గుంపుగా కొట్టుకొచ్చి గట్టు మీద ఆగేవి. చెల్లెలు గుమ్మంలో కూర్చుని ఐదారేళ్ళ కూతురికి జడ వేస్తోంది. నేను మా గుమ్మంలో బియ్యం ఏరుతున్నాను. చివరి గదిలోకి కొత్తగా వచ్చిన కదిరి పక్క అమ్మాయి సందులో నిలబడింది. ఐదో నెలో ఆరో నెలో. చేతిలో ఖాళీ నీళ్ళ బాటిల్. కళ్ళు చూడగానే నా చేతిలో చేట ఆగిపోయింది.

"అక్కా, నీకు కూడా కడుపుతో ఉన్నప్పుడు కామెర్లు వచ్చిండెనంట కదా. అత్తిబెలె మందు తావుకి ఎట్ల పోవాలో చెప్తావా? బాటిల్ కూడా కడిగి పెట్టుకున్నా" అంది మా చెల్లెలితో.

చెల్లెలు జడ వదిలేసింది. బాటిల్ అందుకుని, మూత తీసి, చిటికెన వేలు మెడలోకి పెట్టి నింపాదిగా చుట్టూ తిప్పింది. వేలు బయటికి తీసి బొటనవేలితో రుద్ది చూసుకుంది. తర్వాత కత్తిపీట ముందుకి లాక్కుని బాటిల్‌ని నిలువునా కోసి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలి పక్క మీద ఆనించింది.

"ఇంకా మందు పోయల్యా కదా దీంట్లో. తాకి చూడు."

వేళ్ళు జారేసరికి ఆ అమ్మాయి చటుక్కున చెయ్యి లాక్కుంది. నేను లేచి నిలబడ్డాను, బియ్యం ఒలికాయి.

"మరి నువ్వు తాగింది…" అని నసిగింది ఆ అమ్మాయి.

"నేను తాగల్యా. చెయ్యి చాపినా, మా అక్క ఇయ్యల్యా. మోరీలో పోసేసె. మా యమ్మ ఇప్పటికీ తిడతాండాది" అంది చెల్లెలు, నా వైపు చూడకుండా. "నేను బతికే ఉండా. నా కూతురు జడ వేసుకుంటాండాది. నాకు తెలిసింది అంతే."

ఆ అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. చెల్లెలు దాని భుజం పట్టుకుని గుమ్మంలో కూర్చోబెట్టింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"అక్కా, అట్ల చూస్తావేంటికి? ఆ స్టీలు చెంబులో కాచిన నీళ్ళు పోసి తే, ఆసుపత్రికి పోదాం. నువ్వు ఆటోలో ఈ అమ్మాయి పక్కన కూర్చో. దావ పొడుగునా ఏ వారమో అడుగుతూ రా."

చెంబు కోసం లోపలికి వెళ్ళాను. అది ఎప్పుడూ ఉండే గూట్లోనే ఉంది. కళ్ళ నిండా నీళ్ళు, చెంబు కనిపిస్తేనా.